పాస్‌వర్డ్ కంఠతా వచ్చినా కంప్యూటర్ తప్పంటోంది

రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు, తాను వాడిన ల్యాప్‌టాప్‌ను సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఆమెకు ఇచ్చి వెళ్లాడు. కొన్నాళ్లకు అది బాగా నెమ్మదించడంతో, ఊళ్లోనే నెట్ సెంటర్ నడుపుతున్న అక్కగారి అబ్బాయి అందులో విండోస్ కొత్తగా వేసి, తెలుగులో వ్యాసాలు రాసుకోవడానికి వీలుగా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక కూడా పెట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి తనకు పాస్‌వర్డ్‌ల బాధ పట్టుకుందని ఆమె రాశారు.

పెన్షన్ వివరాలు చూసుకునే వెబ్‌సైట్ పాస్‌వర్డ్‌లో @, # అనే రెండు గుర్తులున్నాయి. అదే పాస్‌వర్డ్ ఫోనులో కొడితే లోపలికి వెళ్తుంది, ల్యాప్‌టాప్‌లో కొడితే తప్పు అంటుంది. ల్యాప్‌టాప్ తెరవడానికి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లో అయితే ప్రత్యేక చిహ్నాలేవీ లేవు. అయినా కొన్ని రోజులు ఉదయంపూట దాన్ని ఎన్నిసార్లు కొట్టినా తీసుకోదు, ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి తీసుకుంటుంది. ఇక బ్యాంకు పాస్‌వర్డ్‌ను సంక్రాంతికి వచ్చినప్పుడు కుమారుడు మార్చి, కొత్తదాన్ని వాట్సాప్‌లో పంపాడు. అది ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ కూడా పనిచేయలేదు. మూడోసారి తప్పు పడగానే ఖాతా లాక్ అయింది. బ్రాంచికి వెళ్తే అక్కడి ఉద్యోగి, "మీ వయసువాళ్లకి ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడట. వీడియో కాల్‌లో కుమారుడు, "చూసి కొట్టమ్మా, అందులో అంత కష్టమేముంది?" అని విసుక్కున్నాడట. అక్కగారి అబ్బాయి మాత్రం, "పిన్నీ, నీ పాస్‌వర్డ్‌లన్నీ నాకిచ్చెయ్, నేను చూసుకుంటాను" అంటున్నాడు.

"ముప్పై ఏళ్లు పుస్తకం ముట్టుకోకుండా పద్యాలు చెప్పినదాన్ని. పట్టుమని పది అక్షరాల పాస్‌వర్డ్ నిలబెట్టుకోలేకపోతున్నానంటే మతిమరుపు మొదలైందేమోనని భయంగా ఉంది. అన్నీ మా వాడి చేతిలో పెట్టేసి ఊరుకోనా? లేక ఈ గుర్తులేవీ లేకుండా తేలికైనవి పెట్టుకోనా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

టీచరు గారూ, ముందుగా మీ భయం సంగతి చూద్దాం. పెన్షన్ పాస్‌వర్డ్‌ను ఫోనులో మీరు చూడకుండానే కొడుతున్నారు, ప్రతిసారీ లోపలికి వెళ్తున్నారు. జ్ఞాపకం తప్పినవారికి ఆ పాస్‌వర్డ్ ఫోనులోనూ గుర్తురాదు. ఒకే మనిషి, ఒకే పాస్‌వర్డ్, రెండు యంత్రాల మీద రెండు ఫలితాలు వస్తున్నాయంటే తేడా యంత్రాలలో ఉందన్నమాట. మిగతా రోజువారీ వ్యవహారాలలో కూడా మరుపు కనిపిస్తోందని మీకు గాని, మీ దగ్గరివారికి గాని అనిపిస్తే డాక్టరును కలవడం మంచిదే. కాని ఈ పాస్‌వర్డ్‌ల గొడవను మాత్రం దానికి సాక్ష్యంగా తీసుకోకండి.

మీరు మూడు సంఘటనలను కలిపి ఒకే జబ్బుగా చెప్పారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వేర్వేరు కారణాల వల్ల వచ్చినవని నాకు అనిపించింది. మూడూ ఒకేలా కనిపించడానికి కారణం పాస్‌వర్డ్ గడిలో పడే ఆ నల్ల చుక్కలే. మీరు నొక్కింది ఏదైనా, యంత్రం అర్థం చేసుకున్నది ఏదైనా, తెర మీద పడేది చుక్కే. నల్లబల్ల మీద గుడ్డ కప్పి, దాని వెనక చెయ్యి పెట్టి రాయమని, చివర్లో గుడ్డ తీయకుండానే తప్పు రాశావని మార్కులు కొట్టేసినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. మీ ఉత్తరం మూడో పేజీలో మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం అసలు విషయాన్ని పట్టిచ్చింది. వ్యాసం చివర ఈమెయిల్ చిరునామా రాసేటప్పుడు @ బదులు కోట్ గుర్తు పడుతుందనీ, చూసుకుని దిద్దుకుంటాననీ రాశారు. అక్కడ కనిపించింది కాబట్టి దిద్దుకున్నారు. పాస్‌వర్డ్ గడిలోనూ అదే కోట్ గుర్తు పడుతోంది, కాని అక్కడ మీకు కనిపించడం లేదు.

ఇలా ఎందుకు జరుగుతోందంటే, మీ ల్యాప్‌టాప్ ఇంగ్లండులో కొన్నది కాబట్టి దాని మీట్ల మీద బ్రిటిష్ అమరిక అచ్చయి ఉంటుంది. ఒకసారి దగ్గరగా చూడండి. 3 అంకె మీట మీద హ్యాష్ కాకుండా పౌండు గుర్తు £ ఉంటుంది. 2 మీట మీద @ ఉండవలసిన చోట కోట్ గుర్తు ఉంటుంది. @ ఏమో కుడివైపున, ఎంటర్‌కు దగ్గరగా, ఒంటి కోటు ఉన్న మీట మీద ఉంటుంది. దాని పక్కనే, ఎంటర్‌ను ఆనుకుని ఉన్న మీట మీద # ఉంటుంది. ఎంటర్ మీట కూడా మన దగ్గర అమ్మేవాటిలా అడ్డంగా కాకుండా నిలువుగా, రెండు వరుసల ఎత్తున ఉంటుంది. అయితే మీ అక్కగారి అబ్బాయి విండోస్ కొత్తగా వేసినప్పుడు ఇంగ్లిష్‌కు ఇండియా అమరికను ఎంచుకుని ఉంటాడు. మన దేశంలో వాడే ఆ అమరిక దాదాపుగా అమెరికన్ పద్ధతిదే, రూపాయి గుర్తు ₹ కోసం కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కే వెసులుబాటు అందులో అదనంగా ఉంటుంది. మీట మీద ఏమి అచ్చయిందో విండోస్‌కు తెలియదు, ఆ స్థానంలో ఉన్న మీటకు తనకు చెప్పిన అమరిక ప్రకారం ఏది రావాలో అదే రాస్తుంది. అందువల్ల మీరు షిఫ్ట్ పట్టుకుని @ బొమ్మ ఉన్న మీట నొక్కితే జంట కోట్ గుర్తు పడుతోంది, # బొమ్మ ఉన్న మీట నొక్కితే వెనక్కి వాలిన గీత \ పడుతోంది. అక్షరాలు, అంకెలు రెండు అమరికలలోనూ ఒకేచోట ఉండడం వల్ల తేడా ఎక్కడా బయటపడదు. ఫోనులో తెర మీద ఏ బొమ్మ ఉంటే అదే పడుతుంది గనుక అక్కడ ఈ పేచీ లేదు.

నా మాట మీద నమ్మకం కోసం కాదు గాని, మీ కళ్లతో చూసుకోవడానికి నోట్‌ప్యాడ్ తెరిచి ఆ రెండు మీటలూ నొక్కండి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని 2, 3 నొక్కి చూడండి. కోట్ గుర్తు బొమ్మ ఉన్న 2 మీద @, పౌండు బొమ్మ ఉన్న 3 మీద # వస్తే నేను చెప్పింది సరే. చూసుకున్నాక ఆ కాగితాన్ని భద్రపరచకుండా మూసేయండి. పాస్‌వర్డ్ మొత్తాన్ని అందులో రాసి, కాపీ చేసి, గడిలో అతికించే అలవాటు మాత్రం వద్దు, ఎందుకంటే విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే మీరు కాపీ చేసినది అందులో కొంతకాలం నిలిచి ఉంటుంది.

దీనికి మీ ముందు కొన్ని దారులున్నాయి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి, ఇంగ్లిష్‌కు యునైటెడ్ కింగ్‌డమ్ కీబోర్డును చేర్చి, ఇండియా కీబోర్డును తీసేస్తే, మీట మీద ఏ బొమ్మ ఉందో తెర మీద అదే పడుతుంది. చూసి కొట్టేవారికి ఇది హాయి. కాని ఆ అమరికలో రూపాయి గుర్తు మీరు అలవాటు పడిన చోట ఉండదు, అక్కడ యూరో గుర్తు వస్తుంది. పైగా మీరు నెట్ సెంటర్‌కో, మరొకరి ఇంటికో వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్కడి మీటలు వేరుగా ఉంటాయి. ఇండియా అమరికనే ఉంచుకుని 2 మీద @ అనీ, 3 మీద # అనీ చిన్న కాగితపు ముక్కలు అంటించుకోవచ్చు. చూడ్డానికి అంత ముచ్చటగా ఉండకపోయినా పని జరుగుతుంది. మన దగ్గర దొరికే మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒకటి కొని ల్యాప్‌టాప్‌కు తగిలించుకోవడం మూడో దారి. వ్యాసాలు రాసే వారికి పెద్ద మీటల కీబోర్డు ఎలాగూ సుఖం కాబట్టి, మీ సంగతిలో నేనైతే దీనివైపే మొగ్గుతాను. దాన్ని తగిలించాక ఇండియా అమరికను కదపవలసిన పనే లేదు.

రెండో సంగతి, ఉదయాన్నే ల్యాప్‌టాప్ మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవడం. అందులో చిహ్నాలేవీ లేవు కాబట్టి పైన చెప్పిన కారణం దీనికి అతకదు. మీరు రాత్రి పొద్దుపోయేదాకా తెలుగులో వ్యాసాలు రాసుకుంటానని రాశారు. ల్యాప్‌టాప్ మూత మూసి పడుకున్నప్పుడు కీబోర్డు తెలుగులోనే ఉండిపోయి, పొద్దున్న పాస్‌వర్డ్ అడిగే తెర మీద కూడా తెలుగే కొనసాగి ఉండవచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌లో చేయి తిరిగిన మీకు ఇది వివరించనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో గోదావరి అని రాయబోయి జి నొక్కితే అక్కడ పడేది ఉకారపు కొమ్ము, ఓ నొక్కితే ద, డి నొక్కితే పొల్లు. షిఫ్ట్‌తో అంకెలు నొక్కితే @, # లాంటివి రావలసిన చోట క్ష, త్ర లాంటి సంయుక్తాక్షరాలు వస్తాయి. చుక్కల మాటున ఇదంతా మీకు తెలిసే వీలు లేదు.

అందువల్ల పాస్‌వర్డ్ అడిగే తెర మీద కింద కుడి మూలను చూడడం అలవాటు చేసుకోండి. రెండు కీబోర్డులు ఉన్న కంప్యూటర్‌లో అక్కడ భాష గుర్తు కనిపిస్తుంది. అది తెలుగులో ఉంటే దాని మీద క్లిక్ చేసి గాని, విండోస్ మీట పట్టుకుని స్పేస్‌బార్ నొక్కి గాని ఇంగ్లిష్‌కు మార్చి, గడిలో ఉన్నదంతా చెరిపి మళ్లీ కొట్టండి. పాస్‌వర్డ్ గడి చివర చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. ఎంటర్ నొక్కే ముందు దాన్ని నొక్కిపట్టుకుంటే చుక్కల బదులు అక్షరాలే కనిపిస్తాయి. గదిలో మరెవరూ లేనప్పుడు దాన్ని వాడడానికి మొహమాటపడనక్కర్లేదు. ఈ కన్నును దాచిపెట్టే వెబ్‌సైట్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఉన్న మనిషికి తన వేళ్లు ఏమి కొట్టాయో చూపించకపోవడంలో ఏ భద్రతా లేదు.

రోజూ మూల చూసుకోవడం విసుగనిపిస్తే, భాషల జాబితాలో ఇంగ్లిష్‌ను మొదట పెట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ అనే చోట అడ్మినిస్ట్రేటివ్ పేజీలో ఉన్న కాపీ సెట్టింగ్స్ ద్వారా అదే వరుసను పాస్‌వర్డ్ అడిగే ఆ మొదటి తెరకు, అంటే వెల్‌కమ్ స్క్రీన్‌కు, కూడా వర్తింపజేయవచ్చు. ఈ పని మీ అక్కగారి అబ్బాయి ఐదు నిమిషాలలో చేసిపెట్టగలడు. కిటికీకొక భాషను గుర్తుంచుకునే వీలు కూడా విండోస్‌లో ఉంది. దాన్ని ఆన్ చేస్తే వ్యాసం రాసే కిటికీలో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లిష్ వాటంతట అవే నిలుస్తాయి. కొందరికి ఇది సౌకర్యం, కొందరికి ఎప్పుడు ఏ భాషలో ఉన్నామో తెలియక మరింత తికమక. కొన్నాళ్లు వాడి చూసి తేల్చుకోండి. అన్నిటికన్నా సులువు ల్యాప్‌టాప్ తెరవడానికి పాస్‌వర్డ్ బదులు అంకెల పిన్ గాని, వేలిముద్ర సదుపాయం ఉంటే వేలిముద్ర గాని పెట్టుకోవడం. ఆ పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పనికివస్తుంది, మరో యంత్రం మీద కూర్చున్నవాడికి అది తెలిసినా ఉపయోగం లేదు. అయితే పిన్ పెట్టుకున్నంత మాత్రాన పాత పాస్‌వర్డ్‌ను పూర్తిగా మరిచిపోకండి, విండోస్ ఎప్పుడైనా దాన్నే అడిగే సందర్భం రావచ్చు.

ఇక మూడోది, మీ మనసును ఎక్కువగా నొప్పించిన బ్యాంకు సంగతి. కుమారుడు పంపిన పాస్‌వర్డ్ వాట్సాప్‌లో లావు అక్షరాలలో కనిపించిందనీ, ముఖ్యమైనదని చెప్పడానికి అలా పంపాడనుకున్నాననీ మీరు రాశారు. వాట్సాప్‌లో ఒక మాటకు ముందొక స్టారు, చివరొక స్టారు పెడితే ఆ మాట లావుగా మారి, స్టార్లు రెండూ కనిపించకుండా పోతాయి. అండర్‌స్కోర్లు పెడితే అక్షరాలు పక్కకు వాలుతాయి, తరంగం గుర్తు ~ పెడితే మాట మీద అడ్డగీత పడుతుంది. మీ అబ్బాయి పెట్టిన పాస్‌వర్డ్ మొదట్లోనూ చివరా స్టారు ఉండి ఉంటుందనీ, అతను సరిగ్గానే పంపి ఉంటాడనీ, మీకు చేరేసరికి ఆ రెండు స్టార్లనూ వాట్సాప్ అలంకారంగా మార్చి మింగేసి ఉంటుందనీ నా ఊహ. కనిపించింది కనిపించినట్టు మీరు కొట్టారు. ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే విధంగా తప్పు పడడం ఈ ఊహకు బలమిస్తోంది. "మొదట్లో, చివర్లో స్టార్ ఉందా?" అని అబ్బాయిని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. అతను అవునంటే, చూసి కొట్టమన్న ఆ మాటను ఎవరు ఎవరితో అనవలసిందో మీ ఇద్దరికీ అర్థమవుతుంది. దాన్ని మాత్రం పైకి అనకుండా ఊరుకోండి.

ఏదేమైనా ఆ పాస్‌వర్డ్‌ను ఇక వాడకండి. అది వాట్సాప్‌లో రెండు ఫోన్లలో రాతపూర్వకంగా ఉంది. లాక్ తీయించుకున్నాక, ఫర్‌గాట్ పాస్‌వర్డ్ దారిలో వెళ్లి కొత్తదాన్ని మీరే, మీ చేత్తోనే పెట్టుకోండి. ఇకమీదట ఎక్కడైనా రెండుసార్లు తప్పు పడితే మూడోసారి ప్రయత్నించకుండా ఆగి, ముందు కన్ను బొమ్మనో నోట్‌ప్యాడ్‌నో ఆశ్రయించండి. చాలా బ్యాంకులు మూడో తప్పుకో, ఐదో తప్పుకో ఖాతా లాక్ చేస్తాయి.

కొత్త పాస్‌వర్డ్ ఎలా ఉండాలన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ప్రత్యేక చిహ్నం తప్పనిసరి అన్న నియమం ప్రపంచమంతా పాకడానికి కారణమైన పత్రాలలో ఒకటి, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో తయారు చేసినది. దాన్ని రాసిన బిల్ బర్, తాను చేసినదానిలో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఒక పత్రికకు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ తన మార్గదర్శకాలను తిరగరాసి, ఇలాంటి మిశ్రమ నియమాలు పెట్టవద్దనీ, కనీసం 64 అక్షరాల పొడవు వరకు పాస్‌వర్డ్‌ను అనుమతించాలనీ, కొట్టినదాన్ని చూసుకునే వీలు ఇవ్వాలనీ వెబ్‌సైట్లు నడిపేవారికి సూచించింది. మన దేశంలో చాలా వెబ్‌సైట్లు ఇంకా పాత నియమాన్నే పట్టుకుని ఉన్నాయి. అందువల్ల చిహ్నాలను పూర్తిగా మానేయడం మీ చేతిలో లేదు, కాని ఏ చిహ్నం వాడాలన్నది మీ చేతిలో ఉంది.

ఇంగ్లిష్ కీబోర్డు మీద అక్షరాలు, అంకెలు, ఖాళీ పోగా 32 చిహ్నాలున్నాయి. బ్రిటిష్ అమరికకూ మన అమరికకూ మధ్య చోటు మారేవి @, #, జంట కోట్, తరంగం, వెనక్కి వాలిన గీత, నిలువుగీత లాంటి కొన్నే. ఆశ్చర్యార్థకం, డాలర్, శాతం, స్టార్, హైఫన్, అండర్‌స్కోర్, చుక్క, కామా రెండింటిలోనూ ఒకేచోట ఉంటాయి. వెబ్‌సైట్ చిహ్నం కావాలని పట్టుబట్టినప్పుడు హైఫన్‌ను గాని, ఆశ్చర్యార్థకాన్ని గాని వాడితే మీ ల్యాప్‌టాప్‌లోనూ, నెట్ సెంటర్‌లోనూ, ఇంగ్లండు వెళ్లినప్పుడు మీ అబ్బాయి కంప్యూటర్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. రూపాయి గుర్తు, పౌండు గుర్తు మాత్రం ముచ్చటపడి కూడా పెట్టకండి, వాటిని అంగీకరించని వెబ్‌సైట్లు ఎక్కువ. అనుమతించే చిహ్నాలు ఫలానావి అని వెబ్‌సైట్ ఒక మూల చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది, దాన్ని ముందే చదువుకోండి.

బలం కోసం చిహ్నాలను పోగు చేసుకునే కన్నా పొడవు పెంచుకోవడం మేలు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాలలో, మధ్య మధ్య హైఫన్ పెట్టి రాసుకుంటే కొట్టడం సులువు, గుర్తుండడం అంతకన్నా సులువు. 7776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి ఐదు మాటలు తీసే పద్ధతి ఒకటి ఉంది. అలా ఏర్పడే పాస్‌వర్డ్‌ల సంఖ్య, కీబోర్డు మీది అన్ని గుర్తులతో కూర్చగలిగే ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌ల సంఖ్యకు నాలుగువేల రెట్లకు పైనే. అయితే ఆ బలం మాటలను గుడ్డిగా ఎంచుకున్నప్పుడే వస్తుంది. పద్యపాదాలన్నీ మీకు నోటికి వచ్చు కాబట్టి ఒక పాదాన్ని పెట్టుకోవాలని మీకు అనిపించడం సహజం, కాని అందరికీ తెలిసిన పాదం ఊహకు తేలికగా అందుతుంది. నిఘంటువును అక్కడక్కడ తెరిచి వేలు పడిన మాట తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలలో రాసేటప్పుడు దీర్ఘాన్ని ఒక అక్షరంతో రాయాలా రెండింటితో రాయాలా అన్నది ముందే నిర్ణయించుకుని దానికే కట్టుబడండి, లేకపోతే అదొక కొత్త తలనొప్పి అవుతుంది. కొన్ని వెబ్‌సైట్లు పదిహేనో ఇరవయ్యో అక్షరాలకు మించి ఒప్పుకోవు. అక్కడ మూడు మాటలు, ఒక అంకె, ఒక హైఫన్‌తో సరిపెట్టుకోవలసిందే.

వీటిని పుస్తకంలో రాసిపెట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గాని, రాసిపెట్టుకున్నానని చెప్పి క్షమించమన్నారు. ఇంట్లో బీరువాలో ఉన్న నోటుపుస్తకాన్ని దూరదేశంలోని దొంగ చదవలేడు. రాయడంలో నాకు తప్పు కనిపించదు. అదే పేజీలో యూజర్ ఐడీ, బ్యాంకు పేరు రాయకండి, ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని తిరగకండి. బ్రౌజర్‌లో గాని, పాస్‌వర్డ్‌లను దాచిపెట్టడానికే ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్‌లో గాని భద్రపరిస్తే అసలు కొట్టే పనే తప్పుతుంది, దాంతోపాటు ఈ గుర్తుల గొడవంతా తీరుతుంది. కాని అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచే పిన్ మొత్తానికి కాపలాదారు అవుతుంది, అది ఎవరికీ తెలియకూడదు. కొన్ని బ్యాంకులు తమ గడిలో పాస్‌వర్డ్ అతికించనివ్వవు, అక్కడ కొట్టక తప్పదు.

ఇప్పుడు మీ అక్కగారి అబ్బాయి మాట. అతని మంచితనాన్ని నేను శంకించడం లేదు. పెన్షన్ స్లిప్పు తీసివ్వడం లాంటి పనికి అతని సాయం తీసుకుంటే పోయేదేమీ లేదు, మీరు పక్కన కూర్చుని పాస్‌వర్డ్ మీరే కొట్టినంతకాలం. బ్యాంకుది మాత్రం ఇవ్వకండి. నెట్ సెంటర్ కంప్యూటర్ మీద రోజుకు ఎంతమంది కూర్చుంటారో అతనికే తెలియదు, అక్కడ ఒకసారి భద్రమైన పాస్‌వర్డ్ తర్వాత ఎవరి కంట పడుతుందో చెప్పలేం. దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా బయటివారి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాలలోపు ఫిర్యాదు చేసినప్పుడు నష్టం మీ మీద పడదు. పాస్‌వర్డ్ లాంటి వివరాలను మీరే మరొకరికి ఇచ్చిన సందర్భంలో మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా మీరే భరించాలి. ఎప్పుడైనా ఏదైనా జరిగితే అనుమానం ముందుగా వెళ్లేది మీ అక్కగారి అబ్బాయి మీదికే. అతన్ని ఆ స్థితిలోకి నెట్టకుండా ఉండడానికి కూడా ఇవ్వకపోవడమే మంచిది. అతనికి మీరు ఈ మాటే చెబితే నొచ్చుకోడు.

ఒంట్లో బాగులేనప్పుడు బ్యాంకు పని చూసే మనిషి ఉండాలన్నది మీ అసలు అవసరమైతే, అందుకు పాస్‌వర్డ్ పంచుకోవడం సరైన మార్గం కాదు. మీరు నమ్మే వ్యక్తి పేరును ఖాతాలో ఉమ్మడిగా చేర్చి, ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చునన్న షరతు పెట్టుకోవచ్చు. అప్పుడు అతనికి తన సొంత లాగిన్ వస్తుంది. అయితే ఖాతాలోని సొమ్ము మొత్తం అతని చేతికి కూడా అందుతుందని మరిచిపోకండి. రోజువారీ ఖర్చులకు సరిపడే చిన్న ఖాతాను ఉమ్మడిగా పెట్టి, పెన్షన్ పడే ఖాతాను మీ పేరనే ఉంచుకోవడం మరొక పద్ధతి. నెట్ బ్యాంకింగ్ పూర్తిగా ఆపేయించుకుంటానన్నారు. అది మీ హక్కు, కాని ప్రతి చిన్నపనికీ బ్రాంచికి వెళ్లి, అక్కడ కూర్చున్న ఆ ఉద్యోగి మాటలే మళ్లీ వినవలసి వస్తుంది. అతని మాటకు నొచ్చుకుని ఒక సౌకర్యాన్ని వదులుకోవడం నాకు నచ్చలేదు. కీబోర్డు చక్కబడ్డాక ఒక నెల చూసి, అప్పటికీ వద్దనిపిస్తే అప్పుడు ఆపించుకోండి.

మీ అబ్బాయి ఫోనులో విసుక్కోవడం గురించి రెండు పేజీలు రాశారు. అతనికి ఆ ల్యాప్‌టాప్ ఇంగ్లండులో ఉన్నప్పటి రూపంలోనే గుర్తుంది, అప్పుడు అందులో బొమ్మకూ గుర్తుకూ తేడా లేదు. అందుకే చూసి కొట్టడంలో కష్టమేముందో అతనికి తోచడం లేదు. ఈసారి వీడియో కాల్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, కెమెరాకు కీబోర్డు చూపించి, @ బొమ్మ ఉన్న మీట నొక్కండి. తెర మీద కోట్ గుర్తు పడడం అతనే చూస్తాడు. ఇకమీద ఏదైనా పాస్‌వర్డ్ అతనే చెప్పవలసి వస్తే వాట్సాప్‌లో కాకుండా ఫోనులో, పెద్ద అక్షరమేది, చిన్న అక్షరమేది, సున్నా ఏది, ఓ ఏది అని విడమరిచి చెప్పమనండి. మీరు లోపలికి వెళ్లగానే దాన్ని మార్చేసుకోండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ల్యాప్‌టాప్ ఎక్కడైనా మొండికేస్తే, విండోస్ మీట, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుంది. దాని మీద మౌస్‌తో కొట్టినప్పుడు పాస్‌వర్డ్ పనిచేసి, అసలు మీటలతో కొట్టినప్పుడు మాత్రం పనిచేయకపోతే ఏదో మీట అరిగిపోయి సరిగా పడడం లేదన్నమాట. షిఫ్ట్ మీటలు రెండింటినీ విడివిడిగా నోట్‌ప్యాడ్‌లో పరీక్షించండి. ఎడమది పనిచేయక కుడిది పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు పాతవాటిలో తరచు కనిపిస్తాయి. ఆ మరమ్మతు మీ ఊళ్లో ఏ కంప్యూటర్ సర్వీసు షాపులోనైనా అవుతుంది. షాపులో ఇచ్చేముందు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను తీసేసి ఇవ్వండి, ల్యాప్‌టాప్ తెరిచే పిన్‌ను తిరిగి తెచ్చుకున్న రోజే మార్చండి.